మూలుగ చరిత్రలో బొంబాయి అధ్యాయం
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



ఎముక మజ్జ వ్యాధులు, వాటికి పేర్లు పడిన చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సుబ్బారావు గారు భీమవరంలో పుట్టడం, హార్వర్డ్‌లో పడిన పాట్లు, లెడర్లీ ప్రయోగశాలకు చేరడం మీకు కంఠోపాఠమే కాబట్టి వాటి జోలికి పోను.

పంతొమ్మిదో శతాబ్దాన్ని గబగబా దాటేస్తాను. 1845లో ఎడిన్‌బరోలో బెన్నెట్, బెర్లిన్‌లో విర్కో తెల్లకణాలు మితిమీరిన నెత్తురును వర్ణించారు. విర్కో పెట్టిన ‘లుకేమియా’ అన్న పేరు నిలిచింది. ఎవరు ముందన్న వాదులాట నాకెన్నడూ రుచించలేదు. రక్తకణాలు పుట్టేది మూలుగలోనని 1868లో కోనిగ్స్‌బర్గ్‌లో నాయ్‌మన్, ఇటలీలో బిజ్జొజెరో చెప్పారు. అంతదాకా మాంసం కొట్లో మూలుగ బొక్క అడిగి తీసుకునేవాళ్లకున్న శ్రద్ధ కూడా వైద్యులకు దాని మీద లేదు. 1880లో ఎర్లిక్ ‘మెగలోబ్లాస్ట్’ అన్నాడు. 1926లో బోస్టన్‌లో మైనట్, మర్ఫీ పెర్నీషియస్ ఎనీమియా రోగులకు కాలేయం తినిపించి బతికించారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

నేను ఏళ్ల తరబడి చదువుకున్న భాగం 1928లో బొంబాయిలో మొదలవుతుంది. లూసీ విల్స్ కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి, ఆ తర్వాత వైద్యురాలైన మనిషి. గర్భిణుల మరణాల మీద జరుగుతున్న విచారణ కోసం వచ్చి హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనికి కూర్చున్నారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక తీవ్రమైన రక్తహీనత కనిపిస్తోంది. ఎర్రకణాలు తక్కువ, ఉన్నవేమో మామూలుకన్నా పెద్దవి.

ఇలాంటి రోగి మూలుగను గాజుపలక మీద పరిచి, రంగు వేసి చూడండి. ఎర్రకణం కావలసిన కణం పెద్దగా ఉబ్బి ఉంటుంది, ఎర్లిక్ మెగలోబ్లాస్ట్ అన్నది దీన్నే. చుట్టూ ఉన్న పదార్థానికి హిమోగ్లోబిన్ పట్టి ఎరుపు తిరిగి ఉంటుంది. నడుమనున్న కేంద్రకం మాత్రం ఎదగకుండా, జల్లెడలా విచ్చుకుని ఉంటుంది. డీఎన్‌ఏ తయారీ వెనకబడిపోవడమే కారణం. కణం పెరుగుతుంది కానీ వేళకు విడిపోదు. చాలా కణాలు బయటికి రాకుండా అక్కడే చచ్చిపోతాయి. మూలుగ చూస్తే కిక్కిరిసి ఉంటుంది, ఒంట్లో నెత్తురు చూస్తే పలచన.

ఈ ఆడవాళ్లకు చవగ్గా దొరికే ఈస్ట్ సారం, అంటే మార్మైట్, ఇచ్చి నయం చేయవచ్చని విల్స్ 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఇక్కడ కొందరు చరిత్రకారులతో నాకు పాత తగాదా ఉంది. వాళ్లు చెప్పే కథలో, చావుబతుకుల్లో ఉన్న ఓ కోతికి ఏంచేయాలో పాలుపోక ఆవిడ మార్మైట్ పెట్టారు, కోతి లేచి కూర్చుంది, అదృష్టం కలిసొచ్చింది. వినడానికి సొంపుగానే ఉంటుంది. పరిశోధన చేసింది ఆడమనిషి అయ్యేసరికి అదృష్టం గుర్తుకు రావడం కూడా మామూలే. ఆ కోతికి ముందు జరిగిందేమిటి? రోగానికి సూక్ష్మజీవి కారణమేమోనని వెతికారు, దొరకలేదు. ఏ వర్గం ఆడవాళ్లు ఏం తింటున్నారో ఆరా తీశారు. ఏ, సీ విటమిన్లు ఇచ్చి చూశారు, లాభం లేకపోయింది. పేదల తిండినే ఎలుకలకు పెట్టారు, ఈస్ట్ కలిపితే ఏమవుతుందో చూశారు. పేల వల్ల సోకే బార్టొనెల్లా ఆ ఎలుకల ఫలితాలను గందరగోళం చేసింది. ఆ పైన కోతుల వంతు. ఈస్ట్ అప్పటికే ఆవిడ చేతిలో ఉంది! ఈ వరస తెలిసీ అదృష్టం అనేవాళ్లకు కోతి కావాలి, లెక్కపుస్తకం అక్కర్లేదు.

కథను కొట్టిపారేయడానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. పెర్నీషియస్ ఎనీమియాకు బాగా పనిచేసే శుద్ధిచేసిన కాలేయసారం ఈ రక్తహీనతకు పనిచేయలేదు, ముతక సారం పనిచేసింది. అంటే ముతక సారంలో మరో పదార్థం ఉంది. శుద్ధిచేసిన సారంలోని బి12 చేజిక్కడానికి పదేళ్ల ముందే ఈ రెండు పదార్థాలనూ వేరుచేసి చూడగలగడం గాలివాటపు పనా? ముతక సారంలోని ఆ పదార్థాన్ని కొంతకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు; అదే ఫోలిక్ ఆమ్లం.

సుబ్బారావు గారిని సరిగా గౌరవించాలంటే ఇది చెప్పక తప్పదు. ఫోలిక్ ఆమ్లాన్ని ఆయనొక్కరే కనిపెట్టారని మన సభల్లో అనేస్తుంటారు. దాని ఫలితం బొంబాయిలో కనిపించింది. పేరు 1941లో టెక్సస్‌లో, నాలుగు టన్నుల పాలకూరను వడకట్టిన మిచెల్ బృందం పెట్టింది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ బృందాన్ని నడిపింది సుబ్బారావు గారు. అసలు ఘనత ఆ తర్వాతి అడుగులో ఉంది. మూలుగకు ఫోలిక్ ఆమ్లం అందకపోతే కణాలు విడిపోలేవు గదా, లుకేమియా కణాలకూ అది అందకుండా చేస్తే? దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమైనోప్టెరిన్ ఆ ప్రయోగశాల నుంచే బోస్టన్ వెళ్లింది. సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ వ్యాసం అచ్చయింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

అధ్యక్షులు రెండోసారి గడియారం చూశారు. మిగతాది పరుగే. 1957లో డొనాల్ థామస్ మూలుగ మార్పిడి ప్రయత్నాలు, 1960లో లుకేమియా కణాల్లో కనిపించిన ఫిలడెల్ఫియా క్రోమోజోమ్, 1973లో అది రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారవడం వల్లనని జానెట్ రౌలీ చూపడం, 1976లో ఫ్రెంచ్, అమెరికన్, బ్రిటిష్ వైద్యులు కలిసి లుకేమియాలకు చేసిన వర్గీకరణ, 1983లో బొంబాయి టాటా మెమోరియల్‌లో మూలుగ మార్పిడి, 2001లో ఇమాటినిబ్ మందు. మైలోడిస్‌ప్లాసియా గురించి రాసుకొచ్చిన కాగితాలు సంచీలోనే ఉంచేస్తున్నాను. విద్యార్థులు ఒక్కటి రాసుకోండి: అమైనోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్‌ను పిల్లల లుకేమియాలో ఇప్పటికీ వాడుతున్నారు.