ఇంటి పునాది కుంగిందా, పొంగిందా?



నల్లరేగడి నేల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పత్తికీ, శనగకీ, జొన్నకీ అది పెట్టింది పేరు. ఎండాకాలంలో చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగు వానలు పడేసరికి ఆ నెర్రెలన్నీ పూడుకుపోయి, కాలు పెడితే దిగబడిపోతుంది. చేలో ఇది మనకు మేలే. నెర్రెల్లోకి పైమట్టి రాలి నేల తనంతట తానే తిరగబడుతూ వుంటుంది. అయితే అదే నేల మీద ఇల్లు కట్టుకున్నవాడికి ఏటా ఒక పరీక్షే. నంద్యాల, పల్నాడు, ప్రకాశం, ఆదిలాబాదు వైపు నల్లరేగడి పల్లెల్లో గోడ బీట తియ్యని పాత ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి.

బీటలు తీసిన ఇంటికి పునాది బాగుచేయించాలన్నా, ఎగుడుదిగుడైన గచ్చు సమం చేయించాలన్నా ఆ పనిని ఎవరికి, ఏ షరతుల మీద అప్పగించాలి అన్నదే ఇవాళ నేను మీకు మనవి చేయదలచిన విషయం. ఇందులో నేను తిన్న దెబ్బ కూడా ఒకటి ఉంది. ముందు అదే చెబుతాను.

మాది రాతి కట్టుబడి మిద్దె. 2011లో హాలు నడుమ బండలు ఉబ్బెత్తుగా లేచాయి. పడమటి గోడకు కిటికీ మూల నుంచి చూరు దాకా ఏటవాలుగా బీట వచ్చింది. తలుపు మూసుకుంటే గడియ పడేది కాదు. ఎవరో చెప్పగా పక్క ఊరి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. పావుగంట చూశాడు. "పునాది కుంగింది, కింద రాయి వేసి ఎత్తాలి" అన్నాడు. మొత్తానికి ఇంత అని ఒకే అంకె చెప్పి, సగం డబ్బు ముందే పుచ్చుకున్నాడు. కాగితం లేదు, కొలత లేదు. మేమూ అడగలేదు. మరునాడు పదిమంది కూలీలను దింపి పడమటి గోడ పునాదిని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క రోజులో తవ్వించేశాడు. ఆ రాత్రి గోడ జానెడు కిందికి జారింది. దూలం ఒకటి గోడలోంచి ఊడి వంకరగా నిలబడింది. మా అమ్మ పడుకునే మంచం సరిగ్గా దాని కిందే ఉండేది. వేసవి కదా అని ఆమె ఆ పూట వాకిట్లో పడుకుంది. తెల్లవారి గుంటలోకి దిగవలసిన కూలీల మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తరువాత తెలిసిందేమంటే, అసలు మా పునాది కుంగనే లేదు. ఇంటి నడుమ నేల పొంగింది.

ఈ తేడా కొంచెం వివరంగా చెప్పాలి. రేగడిలో మాంట్‌మొరిల్లొనైటు అనే బంకమన్ను ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, నీరు పోతే ముడుచుకుంటుంది. ఇల్లు కట్టాక ఇంటి కింద నేలకు ఎండ తగలదు. అడుగు నుంచి వచ్చే చెమ్మ ఆరే దారి లేక అక్కడే నిలుస్తుంది. దానితో నడుమ భాగం ఏళ్ళ తరబడి మెల్లగా పొంగుతుంది. గోడల వెంబడి బయటి నేల మాత్రం ప్రతి వేసవికీ ఎండి కిందికి దిగుతుంది. మన కంటికి మూలలు కుంగినట్టు కనబడుతుంది. సగం సందర్భాల్లో మేస్త్రీ కూడా అదే అంటాడు. ఆ మాట నమ్మి మూలల్లో బండలు ఎత్తి పేర్పించామనుకోండి, రెండో ఏటికి కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

కాబట్టి పనివాణ్ణి పిలిచే ముందే జబ్బేమిటో మనం తెలుసుకోవాలి. బీటను చూడండి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే మూలలు దిగుతున్నాయనో, నడుమ లేస్తోందనో అర్థం. కింద వెడల్పు, పైన సన్నమైతే నడుమ దిగుతోందని అర్థం. బీట మీద అడ్డంగా సన్నని గాజుముక్క ఒకటి పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన తారీకు రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. పగలకుండా ఏడాది నిలిస్తే ఆ బీట పాతదే, మాలు పూసుకుంటే చాలు.

ఇక గచ్చు కొలత. మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం మీ దగ్గరా ఉండే ఉంటుంది. గచ్చు లేచిందో దిగిందో తేలాలంటే కదలని గుర్తు ఒకటి కావాలి. మీ ఇంటి దగ్గర బోరు ఉంటే దాని కేసింగు పైపు అందుకు బాగా పనికివస్తుంది. అది రేగడి పొర దాటి కింద గట్టి నేల దాకా దిగి ఉంటుంది గనుక ఎండకూ వానకూ అంతగా కదలదు. పైపుకు నిలువుగా ఒక కర్ర కట్టి, పైపు అంచు నుంచి కొలిచి ఒక గీత గియ్యండి. గొట్టం ఒక కొస నీటిమట్టం ఆ గీత దగ్గర నిలిపి, రెండో కొస ఇంట్లోకి తెచ్చి, ఆ నీటిమట్టం నుంచి గచ్చు ఎన్ని అంగుళాలు కిందుగా ఉందో ఏడెనిమిది చోట్ల కొలిచి పుస్తకంలో రాసుకోండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి సుమా, బుడగ ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. ఇది మే నెలలో ఒకసారి, అవే చోట్ల అక్టోబరులో మరొకసారి చెయ్యాలి. గోడ వార దిగి మళ్ళీ లేస్తూ ఉంటే అది ఎండావానల ఆట. ప్రతిసారీ దిగుతూనే ఉంటే అది నిజమైన కుంగుడు. నడుమ ప్రతిసారీ లేస్తూ ఉంటే పొంగు.

మీ నేలకు ఉబ్బే గుణం ఎంత ఉందో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంజనీర్లు ప్రయోగశాలలో చేసేదే, మనం మోటుగా చేసుకోవచ్చు. పునాది లోతు నుంచి మట్టి తీసి ఎండబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టండి. ఒకే మాదిరి రెండు గాజు గ్లాసుల్లో రెండేసి చెంచాలు వెయ్యండి. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో కిరసనాయిలు పోసి బాగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీళ్ళ గ్లాసులో మట్టి దానికి ఒకటిన్నర రెట్లో, అంతకు మించో పైకి లేస్తే మీ నేల ప్రమాదమైనదేనని ఎంచుకోండి.

జబ్బు తెలిశాక ముందు నీటి సంగతి చూడాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నాయా? జాలాది నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? సంపు కారుతోందా? మా ఇంట్లో దోషం తీరా చూస్తే స్నానాలగది తూము పగిలి, ఏళ్ళ తరబడి నీరు హాలు కిందికి ఇంకడమే. ఇంకుడుగుంత తవ్వుకోవడం మంచి పనే. కాని రేగడిలో దాన్ని గోడ పక్కన తవ్వకూడదు. ఇంటి చుట్టూ ఆరడుగుల వెడల్పున చప్టా వేయించి, బయటికి వాలు పెట్టించి, ఆ నీరు కాలువలో కలిసేటట్టు చేస్తే చాలా ఇళ్ళకు అదే సగం వైద్యం. పెద్ద చెట్టు ఎంత ఎత్తుందో గోడకు అంత దూరంలో ఉండాలి. అలాగని గోడ పక్కనున్న పాత వేపనో జామాయిలునో ఒక్కసారి నరికేయకండి. అది పీల్చే చెమ్మ నేలలోనే నిలిచిపోయి, అంతవరకు దిగిన నేల పొంగుతుంది. కొమ్మలు కొట్టి ఏడాదికి కొంత తగ్గించుకుంటూ రావాలి.

ఇంత చేసినా గోడ కదులుతూ ఉంటే, లేదా గుండు కట్టి చూస్తే గోడ వాలుతూ ఉంటే, అప్పుడు పునాది పని తప్పదు. గోడ బోర్లు వచ్చి కడుపు ఉబ్బిందంటే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. పని చేసేవాణ్ణే సలహా అడగవద్దు. పంచాయతీరాజ్ ఇంజనీరునో, దగ్గరి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారినో తీసుకొచ్చి చూపించి, వారి శ్రమకు వేరే రుసుము ఇచ్చుకోండి. ఆ ఖర్చు దండగ కాదు. ఏ గోడ కింద ఎంత లోతు, ఎంత పొడవు తవ్వాలో వారు కాగితం మీద రాసిస్తారు. ఆ ఒక్క కాగితాన్నే ముగ్గురు కాంట్రాక్టర్లకు చూపి ధర అడగాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క పని చెప్పి ఒక్కొక్క అంకె చెబితే పోల్చి చూడడం మన తరం కాదు.

కాంట్రాక్టరును అడగవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. రెండు వానాకాలాలు దాటిన మీ పని ఏ ఊళ్ళో ఉంది, వెళ్ళి చూడవచ్చునా అని అడగండి. తడబడితే దండం పెట్టి పంపించండి. పునాది ఎలా తవ్వుతావని అడగండి. మూడు నాలుగు అడుగుల పొడవు గుంట తవ్వి, తరువాతి రెండు మూడు గుంటల స్థలం వదిలి, మరొకటి తవ్వాలి. పక్కపక్క గుంటలు ఎప్పుడూ ఒకేసారి తెరవకూడదు. ఒక గుంటలో కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక, దానికీ పాత పునాదికీ మధ్య మిగిలిన సందులో పొడిమాలు కూరి గట్టిగా దట్టించాలి. ఆ తరువాతే పక్క గుంట. దూలాల కింద సరుగుడు కర్రలు పోటు పెట్టకుండా గడ్డపార నేలకు తగలనివ్వకండి. లోతైన గుంటకు పక్కల చెక్కలు ఆనించాలి. ఈ క్రమం చెప్పలేనివాడు ఎంత తక్కువకు చేస్తానన్నా వద్దు.

గచ్చు సమం చెయ్యడం వేరే పని. బండలు తీసి, కింది రేగడి రెండు మూడు అడుగులు తవ్వి పారబోసి, మొరం అరడుగు పొరలుగా పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టించాలి. ఇసుక చవకగా దొరికినా దానితో నింపవద్దు. ఇసుకలో నీరు నిలిచి కింది రేగడికి దిగుతుంది.

కాగితం తప్పక రాసుకోవాలి. గుంటల లెక్క, లోతు, కాంక్రీటు పాళ్ళు, ఘనపు మీటరుకు ధర, పోటుకర్రలు ఎవరివి, మట్టి ఎత్తివేత ఎవరిది, గోడ దెబ్బతింటే బాధ్యత ఎవరిది, ఇవన్నీ అందులో ఉండాలి. తవ్వాక అదనపు పని బయటపడితే రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే చెయ్యాలి. నా మట్టుకు నేను సిమెంటు, కంకర స్వయంగా కొని కూలికి మాత్రమే ఒప్పందం చేసుకుంటాను. భూమిలో పూడ్చేసిన కాంక్రీటులో ఎన్ని బస్తాలు పడ్డాయో తరువాత ఎవడు చెప్పగలడు? ప్రతి గుంటలోనూ టేపు దించి, కాంక్రీటు పడకముందు మీ ఫోనుతో ఫొటో తీసి ఉంచండి. డబ్బు గుంటల లెక్కన ఇవ్వండి. మొత్తంలో పదో వంతు ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉండాలి. ఇది మొదటి రోజే చెబితే నిజమైన పనివాడు కోపగించుకోడు.

పనికి కాలం సంక్రాంతి తరువాత, శివరాత్రి లోపల. అప్పటికి నేల మరీ తడిగా ఉండదు, మరీ ఎండిపోయీ ఉండదు. వానల్లో తవ్విన గుంట కూలుతుంది. రోహిణి ఎండల్లో, బీట బాగా విచ్చుకుని ఉన్నప్పుడు సిమెంటుతో బిగిస్తే వానలకు గోడ మరోచోట పగులుతుంది. మట్టి కట్టుబడి పాత గోడలకు సిమెంటు ఎక్కువ వద్దు. సున్నం కలిపిన మెత్తని మాలు మేలు.

కొత్తగా కట్టుకోబోయేవారికి ఒక్క మాట. రేగడి కోసం అండర్‌రీమ్డ్ పైళ్ళు అనే పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. అడుగున గడ్డలాగా ఉబ్బిన కాంక్రీటు స్తంభాలను ఎండావానల కదలిక లేని లోతుకు దించి, వాటి మీద దూలం పోసి గోడ లేపుతారు. దూలానికీ నేలకూ మధ్య కొంత ఖాళీ వదలాలి. నేల పొంగితే ఆ ఖాళీలోకి పొంగుతుంది.

మా పడమటి గోడను 2013లో మళ్ళీ కట్టించాం. ఈసారి పని పట్టిన మేస్త్రీ పద్నాలుగు గుంటలు తవ్వడానికి నెలన్నర తీసుకున్నాడు. ఆలస్యమని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. అతను రోజూ పొద్దున్నే పోటుకర్రలు తట్టి చూసి గాని కూలీలను గుంటలోకి దింపేవాడు కాదు. తూము బాగుచేయించి చప్టా వేశాక హాలు పొంగు ఆగడానికి మరో రెండేళ్ళు పట్టింది. బండలు అప్పుడు తీసి సమం చేయించాం. గాజుముక్కలు మూడు ఇంకా గోడ మీదే ఉన్నాయి.