స్ప్రేయరు చెరువులో కడగొద్దు


సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్... పేర్లు వేరైనా ఇవన్నీ పైరెత్రాయిడ్ మందులే. పాత మందులంత ఘాటు వాసన రాదు, కొట్టినవాడు వెంటనే పడిపోడు. అందుకే వీటిని చులకనగా చూస్తున్నాం. మొహం చిమచిమలాడితే ఎండ అనుకుంటున్నాం. అది మందు నరాలకు తగిలిన గుర్తు.

మన కాలేయం ఈ విషాన్ని చాలావరకు విడగొట్టి బయటకు పంపేస్తుంది. చేపకు ఆ శక్తి తక్కువ. లీటరు నీటిలో మిల్లీగ్రాములో కొన్ని వెయ్యోవంతులు కలిసినా చచ్చిపోతుంది. ఈ మందు నీళ్లలో సరిగా కరగదు. చెరువు అడుగున బురదను, ఒంట్లో కొవ్వును పట్టుకుంటుంది. మందు పడిన మేత తింటే పశువు పాలలోకీ కొంత వస్తుంది. డీడీటీలా ఏళ్ల తరబడి ఉండిపోదు, నిజమే. కానీ వారం వారం కొడుతుంటే పాతది పోకముందే కొత్తది చేరుతుంది.

పోనీ, పురుగైనా చస్తోందా? 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఇవే మందులు మళ్లీ మళ్లీ కొట్టారు. పచ్చపురుగు తట్టుకుని నిలబడింది. పంట పోయింది, అప్పు మిగిలింది, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందులు అమ్మినవాళ్లకు మాత్రం డబ్బు ముందే ముట్టింది.

చెరువులో, కాలువలో స్ప్రేయర్లు కడగడం ఈ పంట నుంచే మానుదాం. కడిగిన నీళ్లు చేలోనే పోద్దాం. మందు కొన్న ప్రతిసారీ బిల్లు అడుగుదాం. కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో ఊరికొచ్చి చెప్పమని వ్యవసాయాధికారిని సంఘం తరఫున కోరదాం.