అమెరికా వైద్యకళాశాలా ప్రవేశము – ఎం.ఎస్. తరగతుల శ్రేణులు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



వైద్యకళాశాలలో చోటు లభింపని మన విద్యార్థులు ఎం.ఎస్. చదువుటకు విద్యానిధినుండి ఋణ మొసగవలెనను ప్రతిపాదన మొకటి యీ సభ ముందున్నది. అమెరికాయందున్న మనవారి బిడ్డలకును, ఇచ్చటనుండి యచ్చటికి బోయిన యువకులకును అది యుద్దేశింపబడినది. మొదటి చదువున శ్రేణులు తగ్గినవారు ఎం.ఎస్.లో మంచి శ్రేణులు తెచ్చుకొన్నచో పూర్వదోషము తుడిచిపెట్టుకొనిపోవునని తల్లిదండ్రుల నమ్మకము. ఈ నమ్మకము సగమే నిజము. తక్కిన సగమునకు పోషకుల ద్రవ్యము వ్యయము కాగూడదని నా మనవి.

మన దేశమందు 2016 నుండి వైద్యవిద్యాప్రవేశమునకు నీట్ పరీక్షయే ప్రధానము. ఎం.ఎస్సీ.లో ప్రథమశ్రేణి వచ్చినను ఆ 720 మార్కుల పరీక్షలో దానికై యొక్క మార్కైనను కలియదు. అమెరికాలో నట్లు గాదు. అచ్చట నాలుగేండ్ల బి.ఎస్. లేక బి.ఏ. ముగిసిన పిమ్మట వైద్యవిద్య. అందుచే కళాశాలలో చదివిన ప్రతి పాఠ్యాంశపు శ్రేణియు లెక్కకు వచ్చును. ఎం.డి. పట్టమిచ్చు కళాశాలలలో పెక్కింటికి దరఖాస్తులు ఆమ్‌కాస్ అను నుమ్మడి కార్యస్థానము ద్వారా పోవును. వారు శ్రేణులకు సగటు గట్టి, బి.ఎస్. స్థాయిని వేఱుగను, ఎం.ఎస్. స్థాయిని వేఱుగను, జీవ రసాయన భౌతిక గణితములను మరల వేఱుగను చూపుదురు. ఎం.ఎస్. సగటు బి.ఎస్. సగటులో కలియదు. మర్మమంతయు నిచ్చటనే యున్నది.

ఆదేశము శత్రువువలె వచ్చి పూర్వవర్ణమును తొలగించి తాను కూర్చుండును. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన నిలుచును. వ్యాకరణము చదివినవా రీ భేద మెఱుగుదురు. ఎం.ఎస్. శ్రేణి యాగమమే గాని యాదేశము గాదు.

గణితము చూడుడు. 120 క్రెడిట్లు చదివి 3.0 సగటు దెచ్చుకొన్న బాలిక 30 క్రెడిట్ల ఎం.ఎస్.లో సంపూర్ణముగా 4.0 పొందినను ఆమె బి.ఎస్. సగటు 3.0 గానే యుండును. ఆ 30 క్రెడిట్లనే, పట్టము వచ్చిన తరువాత, బి.ఎస్. స్థాయి పాఠ్యములుగా చదివి యంతే బాగుగా వ్రాసినచో, అవి పాతవానితో గలిసి సగటు 3.2 అగును. శ్రమ యించుమించుగా నొక్కటే, ఫలము వేఱు. ఈ రెండవ మార్గమును మనవా రల్పముగా జూచుటకు కారణము దానికి పట్టము లేకపోవుటయే. పెండ్లిపత్రికలో పేరు ప్రక్కన నక్షరము లుండవు గదా!

ఎం.ఎస్. తరగతులలో సగటు 'బి'కి తగ్గినచో సాధారణముగా నిలువనీయరు. అందుచే నచ్చట 'ఏ' శ్రేణి పలువురకు వచ్చును. ప్రవేశసమితులవారి కీ సంగతి తెలియును. కాబట్టి అచ్చటి 'ఏ'కు విలువ తక్కువ, 'సి'వలన నష్టమధికము.

అయితే ఒక జాతి ఎం.ఎస్. మాత్ర మాదరింపదగినది. కొన్ని వైద్యకళాశాలలే యొకటి రెండేండ్ల ప్రత్యేక తరగతులు నడుపుచున్నవి. వానియందు వైద్యవిద్యార్థులు ప్రథమవర్షమున చదువు పాఠములను చదివింతురు. కొన్నిచోట్ల వారితోనే కూర్చుండబెట్టి యవే పరీక్షలు పెట్టుదురు. బి.ఎస్. సగటు కొంచెము తగ్గి, ఎంకాట్ పరీక్ష బాగుగా వ్రాసినవాడు వైద్యవిద్య బరువు మోయగలనని ఋజువు చేసికొనుట కిది తగిన తావు. కాని యిందు తప్పినవానికి మఱియొక ద్వారము దొరకుట కష్టము. వ్యయమో, పదులవేల డాలర్లు.

ఎంకాట్‌కు 2015 నుండి 472 మొదలు 528 వఱకు కొలత. అది తగ్గినవానికి ఎం.ఎస్. సాయపడదు. సగటు బాగుండి ఎంకాట్ తగ్గినవాడు ఎం.ఎస్.లో చేరుట, కాలు నొచ్చినవానికి కంట కాటుక పెట్టుటయే.

డి.ఓ. పట్టమిచ్చు ఆస్టియోపతీ కళాశాలల దరఖాస్తులలో పూర్వము, తిరిగి చదివిన పాఠ్యమునకు రెండవసారి వచ్చిన శ్రేణినే గైకొనెడివారు. అదియే యాదేశము. 2017లో నా పద్ధతియు మానిరి. ఇప్పుడు రెండును లెక్కకు వచ్చును. పాతమాట వినియున్న పెద్దలు గమనింతురు గాక.

ఇచ్చట బి.ఎస్సీ. చదివి యచ్చట ఎం.ఎస్.కు బోయిన మన పిల్లల గతి యింకను కష్టము. విదేశ కళాశాలల శ్రేణులను ఆమ్‌కాస్ వారు సరిచూడరు, సగటులో జేర్పరు. వారి బి.ఎస్. గడి ఖాళీగానే యుండి, ఎం.ఎస్. గడి మాత్రమే నిండును. పెక్కు వైద్యకళాశాలలు అమెరికా లేక కెనడాలో బి.ఎస్. స్థాయి పాఠ్యములు చదివియుండవలెనని కోరును. శాశ్వతనివాసాధికారము లేనివారిని చేర్చుకొను కళాశాలలు కొలదియే. అచ్చటి కేంద్రప్రభుత్వపు విద్యాఋణమును వారికి లభింపదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పవలెను, పొలము కుదువబెట్టిన తరువాత గాదు.

ఋణము వలదని నే ననను. ప్రతిపాదనకు నాదొక సవరణ. ఋణము కోరు విద్యార్థి తన బి.ఎస్. సగటు, విజ్ఞానపాఠ్యముల సగటు, ఎంకాట్ ఫలితము, తాను చేరదలచిన తరగతి యే గడిలో లెక్కింపబడునను వివరము దరఖాస్తుకు జతపఱుపవలెను. మనవారిలో నచ్చట వైద్యులుగా నున్న యిరువురు వానిని పరిశీలించి వ్రాతమూలముగా నభిప్రాయ మీయవలెను. ఆ వైద్యులలో పెక్కురు ఇచ్చట ఎం.బి.బి.ఎస్. ముగించి వేఱుదారిని పోయిన పెద్దలు. ఆ దారి యనుభవ మిచ్చట పనికిరాదు. కావున నచ్చటనే బి.ఎస్. చదివి యచ్చటి వైద్యకళాశాలలో చేరిన చిన్నవారినే యీ పనికి నియమింపవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను.