పల్లె ఆరోగ్యం – ఒక దినపు కూలి



పత్తర్‌గట్టి రాతి కమానుల క్రింద నడిచే మనం 1908 నాటి మూసీ వరదను మరువరాదు. ఆ విపత్తు తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు సందులను తొలగించి, విశాలమైన వీధులు వేసింది. ఈ కమానులు ఆ కృషి ఫలమే. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ త్రాగునీరిచ్చింది. నగరానికి ఆరోగ్యం మందుసీసాతోనే రాలేదు. గాలితో, నీటితో వచ్చింది.

మరి పల్లెల మాటేమిటి? 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు వైద్యశాల స్థాపించగా, రాజా నర్సాగౌడ్ ధనసహాయం చేశారు. నేడు ఆ వ్యాధికి మందు ఉచితం. అది పూర్తిగా నయమవుతుంది. అయినా కూలికి పోయే తల్లి స్పర్శలేని మచ్చను కొంగు చాటున దాచుకుంటున్నది. ఎందుకు? ఆస్పత్రికి పోతే ఆ పూట కూలి పోతుంది. నలుగురికీ తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

ఆమె మన వద్దకు రాలేదు. కాబట్టి పొలం నుండి ఆమె తిరిగివచ్చే సాయంకాలం మనమే ఆ గడపకు వెళ్ళాలి. వెళదామా?