రాయిని కోసే నీరు



రాయి గట్టిదా, నీరు గట్టిదా? రాయే గట్టిదని ఎవరైనా అంటారు. కానీ విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంట నడిచి చూడండి. అక్కడ నీరు రాయిని కోసింది. తొలిచింది. కూల్చింది.

ఎలా? రెండు వైపుల నుంచి.

ఒకటి ముందు నుంచి. కెరటం వచ్చి బండను కొడుతుంది. బండ నెర్రెల్లో గాలి ఉంటుంది. కెరటం ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. కెరటం వెనక్కి పోగానే గాలి ఒక్కసారిగా వదులవుతుంది. ఇలా రోజుకు వేలసార్లు జరుగుతుంది. నెర్రె పెద్దదవుతుంది. కెరటంతో ఇసుక, గులకరాళ్లు కూడా వస్తాయి. అవి ఆకురాయిలా బండను అరగదీస్తాయి.

రెండోది లోపలి నుంచి. కొండమీద వాన పడుతుంది. కొంత నీరు నెర్రెల్లోకి దిగుతుంది. అదే భూగర్భజలం. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ అనే రాయి. చాలాకాలం నీరు తగిలితే ఈ రాయిలో కొంత భాగం మెత్తని మట్టిగా మారుతుంది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. ఊట కారేచోట బండ పట్టు సడలుతుంది.

కింద కెరటం తొలుస్తుంది. లోపల ఊట వదులు చేస్తుంది. అడుగు పోయాక పైబండ ఎన్నాళ్లు నిలుస్తుంది? కూలిపోతుంది.

మెత్తని రాయి ముందు పోతుంది. గట్టి రాయి మిగులుతుంది. అలా మొదట గుహ ఏర్పడుతుంది. గుహ అటూ ఇటూ తెరుచుకుంటే తోరణం. తోరణం పైకప్పు కూలితే ఒంటిరాయి. మంగమారిపేట ఒడ్డున ఇలాంటి రాతి తోరణం ఉంది. దానికి ఎదురుగానే తొట్లకొండ. సుమారు 2,000 ఏళ్ల కిందట అక్కడి బౌద్ధ భిక్షువులు నీటికోసం బండలో తొట్లు తొలిచారు. అందుకే ఆ పేరు. వాళ్లు ఉలితో చేసిన పనిని సముద్రం కెరటంతో చేస్తోంది.

చూడ్డానికి ఇది అందమే. కానీ ప్రమాదం కూడా. నీడగా ఉందని బండకింద కూర్చునేవాళ్లున్నారు. అక్కడే వలలు బాగుచేసుకునేవాళ్లున్నారు. పిల్లలు తోరణం మీదకు ఎక్కుతారు.

కొన్ని గుర్తులు చూసుకోండి. బండమీద కొత్త నెర్రె ఉందా? ఊటనీరు మట్టిరంగులో కారుతోందా? కింద కొత్తగా రాలిన రాళ్లున్నాయా? ఉంటే అక్కడ ఆగకండి. పెద్దవాన పడ్డాక, తుపాను తరవాత మరీ జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున, ఏళ్లుగా వదులైన బండ ఒక్క కెరటానికే పడిపోవచ్చు.

బండ పడేముందు పిలిచి చెప్పదు. గుర్తులే చెబుతాయి. అవి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి. పిల్లలకు ముందు చెప్పాలి.