ఇంటి మాట – మన్నన



తెలుగింటి బిడ్డ మన్నన నేర్చునది క్రియాపదములతోనే. “నాన్నగారు వచ్చారు”, “అమ్మ వచ్చింది” అని పలు ఇండ్లలో పిల్లలు ఒక్క నోటితోనే పలుకుదురు. అచ్చటనే భార్య భర్తను “ఏమండీ, మీరు” అనును. భర్త భార్యను “ఏమే, నువ్వు” అనును. ఏండ్లు గడచిన కొలది స్త్రీకి కొంత స్వాతంత్ర్యము లభించును. ముసలమ్మ ఊరిపెద్దను సైతము “ఏరా అబ్బాయీ” అని పిలువగలదు. కొత్తకోడలికి ఆ వీలు లేదు.

అమ్మకు “వచ్చింది” చాలుననుటకు వ్యాకరణమును ఆధారముగా చూపువారు కలరు. ఒక స్త్రీని గూర్చి చెప్పునపుడు తెలుగు క్రియ “ఆవు వచ్చింది” అను రూపమునే పొందును. ఇద్దరు స్త్రీలైనచో పురుషులకువలెనే “వచ్చారు” అగును. 1858లో ముద్రితమైన చిన్నయసూరి బాలవ్యాకరణము స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడములను విడిచి తక్కినవానికే ‘మహత్తు’ అను పేరిడినది.

అయినను భాష దారి మూయలేదు. “పంతులమ్మగారు వచ్చారు” అని బడిపిల్లలు అనుచునే యున్నారు. “అమ్మ వచ్చింది” అనుటలో ప్రేమ లేకపోలేదు. కాని చనువు వేరు, చులకన వేరు. గ్రంథాలయమునుండి ఇంటికి పోవు యువకుడు తన ఇంటి మాటలను ఒకమారు చెవియొగ్గి వినవలెను. ఏది చనువో, ఏది చులకనయో, ఆ మాట పడువారినే అడుగవలెను.