పికప్ ట్రక్కుకు పెట్టె కొనబోతున్నారా?

అమెరికాలో ఉంటూ పికప్ ట్రక్కు నడుపుతున్న మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ట్రక్కు వెనక తొట్టిని అక్కడ బెడ్ అంటారు. అందులో పానాలు, డ్రిల్లు, తాళ్లు విడిగా పడేస్తే మలుపు తిరిగినప్పుడల్లా ఈ మూల నుంచి ఆ మూలకు దొర్లుతాయి. వానొస్తే తుప్పు, బండి ఆపిన చోట దొంగల భయం. తాళం పడే పెట్టె ఉండాల్సిందే.

ముందు టేపు తీసి కొలవండి. ఫోర్డ్ ఎఫ్-150నే చూడండి, తొట్టి పొడవు 5.5, 6.5, 8 అడుగులని మూడు రకాలు. చక్రాల ఉబ్బుల మధ్య 4 అడుగుల పైచిలుకు జాగా ఉంటుంది, ప్లైవుడ్ షీటు అడుగున చదునుగా పడుతుంది. క్యాబిన్ వెనకాల అడ్డంగా కూర్చునే పెట్టె ఆ జాగాను పెద్దగా తినదు. ఇంటి అవసరాలకు అది చాలు.

రోజూ పనిముట్లతో బతికే ఎలక్ట్రీషియన్‌కు మాత్రం సొరుగులున్నదే మేలంటాను. వెనక తలుపు దించి సొరుగు లాగితే సామాను చేతికొస్తుంది, తొట్టిలోకి ఎక్కి మోకాళ్ల మీద పాకక్కర్లేదు. తొట్టి లోతు కొంత తగ్గుతుంది, అంతే.

ఇక పెట్టె దేనితో చేసిందో చూడండి. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. ఉక్కు గట్టిది గానీ బరువు.

ఆ బరువు సంగతే చాలామంది మరిచిపోతారు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో అందులో ఉంటుంది. పెట్టె బరువూ ఆ లెక్కలోకే వస్తుంది. డబ్బు కట్టే ముందు దయచేసి ఆ స్టిక్కరు చదవండి.